అంకె చెబితే పడవ కదిలె!

దాగుడుమూతల్లో ఎక్కడ దాక్కున్నామో దొంగకి చెప్పం. చెబితే ఇంక ఆటేముంది? కానీ ఓ ఆట ఉంది. అందులో దాచినవాడే ఎక్కడ దాచాడో లోకమంతటికీ చాటింపు వేస్తాడు... అదీ పది మీటర్ల తేడా లేకుండా! అయినా వెతికేవాళ్లకి ఓ పట్టాన దొరకదు. దొరికినా లోపల లంకెబిందెలేం ఉండవు. ఓ ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క. పుస్తకంలో పేరు రాసి, తేదీ వేసి, డబ్బాని మళ్లీ అక్కడే పెట్టి రావాలి. ఆ సంతకం కోసం జనం కొండలెక్కుతారు, బురదలో దిగుతారు, పడవలు మాట్లాడుకుని దీవులకు వెళతారు. దీని పేరు జియోక్యాషింగ్. ఇందులో క్యాష్ అంటే డబ్బు కాదండోయ్, దాచిన సరుకు.

ఈ ఆట పుట్టింది 2000 మే నెలలో. అప్పటిదాకా అమెరికా తన జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాల్ని మామూలు జనానికి కావాలనే కాస్త చెడగొట్టి ఇచ్చేది. పరికరం చేతిలో ఉన్నా వంద మీటర్లు అటూ ఇటూ అయ్యేది. మిర్చి యార్డులో నిలబడితే పక్క వీధిలో ఉన్నావని చెప్పినట్టు! మే 1 రాత్రి ఆ చెరుపు తీసేశారు. దాంతో పరికరాలన్నీ ఒక్కసారి కళ్లజోడు పెట్టుకున్నట్టయింది. రెండు రోజులకే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఓ నల్ల బకెట్‌ని సగం పాతిపెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. లోపల కొన్ని పుస్తకాలు, వీడియోలు, ఓ చిక్కుడుగింజల డబ్బా. మూడు రోజుల్లో ఇద్దరు కనిపెట్టేశారు. అలా మొదలై ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. ప్రతి డబ్బాకీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులుంటాయి. నేల ఎంత కష్టమో చెప్పే మార్కు అయిదుకి అయిదు ఉందంటే ఊరికే నడిచి చేరలేరని అర్థం. పడవో, తాళ్లో ఉండాల్సిందే.

దీనికి ఓ అన్న కూడా ఉన్నాడు. 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికన్‌కి ఓ చిత్రమైన ఆలోచన వచ్చింది. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్తి అంకెలుగా కలిసే చోట్లు భూమ్మీద ఎలా ఉంటాయి? వెళ్లి ఫొటో తీసుకొస్తే పోలా! అక్కడ డబ్బా లేదు, గుర్తు లేదు, ఒట్టి అంకె. అలాంటి కూడలి మనకీ ఉంది. ఉత్తరం 16, తూర్పు 80 కలిసేది పత్తి, మిరప చేలూ గ్రానైట్ క్వారీలూ పక్కపక్కనే ఉండే బల్లికురవ ప్రాంతంలో. అక్కణ్నుంచి ముక్కుసూటిగా తూర్పుకి బయల్దేరితే పొన్నూరుకీ బాపట్లకీ మధ్యగా, రేపల్లెని ఆనుకుని, కృష్ణ దాటి, 107 కిలోమీటర్లకు దివిసీమలో 81 రేఖ తగులుతుంది. అక్కడ కుడివైపు తిరిగి ఒక డిగ్రీ కిందికి దిగితే మాత్రం కాళ్ల కింద నేలుండదు. 15, 81 కలిసేది నడిసముద్రంలో. నేల కనిపించని కూడలి లెక్కలోకి రాదని ఆ ఆటగాళ్ల నియమం. నిజాంపట్నం బోటువాళ్లు వింటే నవ్వుతారు. వాళ్లకి లెక్కలోకి వచ్చేవన్నీ అవే మరి!

నిజాంపట్నం హార్బరుకి ఈ అంకెలు కొత్తగా వచ్చినవి కావు. 1611 ఆగస్టులో ‘గ్లోబ్’ అనే ఇంగ్లిషు ఓడ ఈ తీరానికి వచ్చింది. అప్పట్లో విదేశీయులు ఈ రేవుని పేటపోలి అనేవారు. ఆ ఓడ నడిపినవాళ్లకి సూర్యుణ్ని కొలిచి తాము ఎంత ఉత్తరాన ఉన్నారో చెప్పడం వచ్చు. ఎంత తూర్పున ఉన్నారో చెప్పడం మాత్రం రాదు. సముద్రం మీద రేఖాంశం సరిగ్గా లెక్కగట్టే గడియారం వచ్చేసరికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది. అంటే సగం చిరునామాతో సముద్రాలు దాటారన్నమాట. ఇక ఆ చిరునామా తప్పితే? ఇదే తీరాన చినగంజాం దగ్గరి మోటుపల్లి ఒకప్పుడు కాకతీయుల రేవు. గాలివానకి దారితప్పి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు జప్తు చేసుకునేవాళ్లు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు అలా చెయ్యనని, సుంకం తప్ప మరేమీ ముట్టనని మాటిస్తూ అభయ శాసనం వేయించాడు. దారి తప్పడం నేరం కాదని ఓ రాజు రాయి మీద చెక్కించి మరీ చెప్పాల్సివచ్చింది!

మన వేటగాళ్లు మాత్రం జీపీఎస్ రాకముందు ఏ అంకె చూసి వెళ్లారు? ఒడ్డునున్న తాడిచెట్ల వరస, గుడి గోపురం, లైట్‌హౌస్... ఇవి ఒకదాని వెనక ఒకటి ఎలా కనబడుతున్నాయో చూసుకునేవాళ్లు. ఒడ్డు కనుమరుగైతే నీటి రంగు, రాత్రయితే చుక్కలు. తాడుకి బరువు కట్టి వదిలి ఎన్ని బారల లోతో కొలిచి, దానికి అంటుకొచ్చిన మట్టిని బట్టి ఎక్కడున్నారో చెప్పే పెద్దవాళ్లుండేవాళ్లు. అంతా కంటి లెక్క. కానీ తుపానులో కన్ను పనిచెయ్యదు. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానుకి సముద్రంలో చిక్కుకున్న వందలమంది వేటగాళ్లు తిరిగి రాలేదు. ఎక్కడున్నారో చెప్పడానికి వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. చెప్పగలిగినా వినేవాడెవరు?

ఆ తర్వాతే బోట్లలోకి జీపీఎస్ డబ్బాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. ఇప్పుడు సరంగు ముందు అంకెల తెర లేని మరబోటు అరుదు. విచిత్రమేమిటంటే, జియోక్యాషింగ్ వాళ్లు సరదాకి ఆడే ఆటని మన తీరం బతుకుతెరువు కోసం రోజూ ఆడుతోంది. ఆ అంకెలు వచ్చేది హైదరాబాద్ నుంచి! అక్కడున్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ఉపగ్రహాల సాయంతో రెండు సంగతులు చూస్తుంది. నీటి పైపొర వేడి ఎక్కడ మారుతోంది, నీటిలో పచ్చదనం ఎక్కడ చిక్కగా ఉంది అని. పచ్చదనం అంటే కంటికి కనిపించని నాచు. నాచు ఉన్నచోటికి చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు. ఆ చోటు ఏ రేవుకి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎన్ని మీటర్ల లోతులో ఉందో అక్షాంశ రేఖాంశాలతో సహా తెలుగులోనే చెబుతుంది. మబ్బు పట్టిన రోజు చెప్పలేదు, ఉపగ్రహానికి నీళ్లు కనబడవు కాబట్టి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ అంకెలకీ సెలవే.

ఇక్కడో చిన్న లెక్క పిల్లలతో చేయించండి. 15 డిగ్రీల 50 నిమిషాలు అన్నదాన్ని పొరపాటున 15.50 అని కొడితే ఏమవుతుంది? డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి 15.50 అంటే 15 డిగ్రీల 30 నిమిషాలే. తేడా ఇరవై నిమిషాలు. అంటే ఇరవై నాటికల్ మైళ్లు... 37 కిలోమీటర్లు! డబ్బా వెతికేవాడికైతే ఓ పూట వృథా. డీజిలు లెక్కేసుకుని బయల్దేరిన బోటుకి అది వేరే సంగతి. సరిహద్దుల దగ్గరైతే మరీను. 2018 నవంబరులో గుజరాత్ బోట్లలో పనికెళ్లిన శ్రీకాకుళం జిల్లా వేటగాళ్లు నీటిమీద కనబడని గీత దాటారని పాకిస్థాన్‌కి పట్టుబడ్డారు. ఇరవైమంది ఇంటిముఖం చూసింది 2020 జనవరిలో. వాళ్ల కోసం అభయ శాసనం వేసే గణపతిదేవుడు లేడు.

సరే, ఇంత సముద్రం ఉంది, ఇన్ని పాయలున్నాయి కదా, మనమూ ఓ డబ్బా దాచి ఆట మొదలెడదామా అనిపిస్తుంది. నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు నుంచి కృష్ణ మొగ దాకా మడ అడవుల మధ్య పాయలు చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. పోటు మీద పడవ పోయిన దారిలోనే పాటు సమయానికి మోకాటి లోతు బురద తేలుతుంది. ఆవలి ఒడ్డున నాగాయలంక నుంచి ఎదురుమొండి దీవికి జనం తరతరాలుగా పడవలూ పంటులూ ఎక్కి తిరిగినవాళ్లే. అయిదుకి అయిదు మార్కుల చోటంటే ఇదే!

కానీ ఆగాలి. ఆ మడ అడవుల్లో చాలాభాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఇల్లు అది. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, వస్తువు వదిలి రాకూడదు. పోనీ ఇసుకలో పాతిపెడదామంటే జియోక్యాషింగ్ నియమాల ప్రకారమే డబ్బాని పాతకూడదు. ఈ తీరపు ఇసుకలో దాచే హక్కు ఒక్క తాబేలుకే ఉంది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి, గొయ్యి తీసి, వందకు పైగా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. పుట్టిన తీరాన్నే వెతుక్కుంటూ ఏళ్ల తర్వాత తిరిగొస్తాయట. భూమి అయస్కాంత శక్తే వాటి జీపీఎస్ అని శాస్త్రవేత్తలంటారు.

ఇంకో సంగతీ ఉంది. 2008 నవంబరులో ముంబయిపై దాడిచేసినవాళ్లు చేపల బోటులో, జీపీఎస్ పట్టుకునే వచ్చారు. ఆ తర్వాత తీరమంతా మెరైన్ పోలీసుల నిఘా పెరిగింది. ఎవరూ లేని దిబ్బ మీద మూతపెట్టిన డబ్బా కనబడితే, దాన్ని ఆటవస్తువని ఎవరూ అనుకోరు. అందుకే ఈ తీరానికి నప్పేది డబ్బా లేని ఆట. 2004లో ‘ఎర్త్‌క్యాష్’ అని ఓ రకం మొదలైంది. అంకెలు చెబుతారు, వెళ్లాక అక్కడి నేల గురించి ఓ ప్రశ్న అడుగుతారు, కళ్లతో చూసి జవాబు రాయాలి. ఈ ఇసుక ఎటు మేట వేస్తోంది? ఈ ఒడ్డు ఎంత తెగింది? మొగ దగ్గర అడగదగ్గ ప్రశ్నలవి. పైన ఆనకట్టలు కట్టాక కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు తగ్గి డెల్టా అంచు కోతకు గురవుతోందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. అంటే ఇవాళ ఇసుకతిన్నె మీద నిలబడి అంకె రాసుకుంటే, కొన్నేళ్లకి అంకె అక్కడే ఉంటుంది, తిన్నె ఉండకపోవచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో బతికి బయటపడ్డవాళ్లకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఫోన్‌లో మ్యాపు దించుకోవాలి. జీపీఎస్‌కి సిగ్నల్ టవర్ అక్కర్లేదు, ఆకాశం కనబడితే చాలు. సెల్ పనిచెయ్యట్లేదు కాబట్టి జీపీఎస్ కూడా లేదనుకుని కంగారుపడేవాళ్లే ఎక్కువ. మాట్లాడుకునే పడవకి అనుమతి ఉందా, మనిషికో లైఫ్ జాకెట్ ఉందా అన్నది మాత్రం అంకెల కన్నా ముందు చూడాలి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం చూడబోయి మునిగిన పడవలో ఇరవైమందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలువాళ్లు. ఆ పడవకి అనుమతి లేదు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. వాళ్లు మొదట అడిగేది, ఎక్కడున్నారని. బోట్లకి ఇప్పుడు మీట నొక్కితే ఆ చోటుని ఉపగ్రహం ద్వారా పంపే పరికరాలున్నాయి. 2019లో వచ్చిన ‘జెమిని’ అనే పరికరమైతే తుపాను హెచ్చరికలు, చేపల అంకెలు చెబుతుంది గానీ మన మాట వినదు. రెండువైపులా పనిచేసే ట్రాన్స్‌పాండర్లు ఆ తర్వాత వచ్చాయి.

హార్బరుకి వెళితే సరంగుల్ని పలకరించండి. బోటు, వల, ఇంజిన్, తుపాను... అన్నీ చెబుతారు. ఒక్కటి తప్ప. ఇన్‌కాయిస్ చెప్పే అంకెలు అందరివీ. కానీ ప్రతి సరంగు జీపీఎస్‌లోనూ ఎవరికీ చెప్పని అంకెలు కొన్నుంటాయి. కిందటేడు వల నిండిన చోటు, మునిగిన పాత బోటు చుట్టూ చేపలు చేరిన చోటు. జియోక్యాషింగ్ ఆటగాడు దాచినదాన్ని చాటింపు వేస్తాడు, ఈయన దాచలేనిదాన్ని దాచుకుంటాడు. ‘అన్నా, ఎక్కడ పడ్డాయి ఇంత పెద్ద వంజరాలు?’ అని అడిగి చూడండి. ఓ నవ్వు నవ్వి, అంత సముద్రం వైపూ చెయ్యి ఊపి ‘అదిగో, అటు’ అంటాడు.