పన్నెండేళ్ల దగ్గర మారే లెక్క

పదకొండేళ్ల వరకు కుంగుబాటులో ఆడ, మగ తేడా పెద్దగా కనిపించదు. పన్నెండు దాటితే లెక్క మారిపోతుంది. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2017లో వెలువరించిన సమీక్ష ప్రకారం 13-15 ఏళ్ల మధ్య ఆడపిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం మగపిల్లలకంటే సుమారు మూడింతలు. పెద్దయ్యాక అది రెండింతల దగ్గర నిలుస్తుంది. స్త్రీలకు స్వేచ్ఛ ఎక్కువున్న దేశాల్లోనూ తేడా ఉంది కాబట్టి మొత్తం అణచివేత మీదికి నెట్టలేం. శరీరంలో వచ్చే మార్పులకూ వాటా ఉంది.

ఆ మార్పులు ఎలాంటి ఇంట్లో వస్తున్నాయన్నదే అనంతపురం లాంటి కరవు జిల్లాలో అసలు ప్రశ్న. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానను కూడా నమ్మలేని నేల ఇది. వేరుశనగ ఊడలు దిగేవేళ వాన మొహం చాటేస్తే పెట్టుబడి పోయినట్టే. అప్పు తీర్చడానికి తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో వలస పోతారు. ముసలి అవ్వ, చిన్న తమ్ముడు, పొయ్యి, నీళ్ల బిందె, అన్నీ అప్పుడే పెద్దమనిషైన కూతురి మీద పడతాయి. బడి ఆగిపోతుంది. వయసొచ్చిన పిల్లను వదిలి వెళ్లలేక పెళ్లి చేసేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఒంట్లో గుబులు మొదలైన ఏడాదే బడి, స్నేహితురాళ్లు, ఆటలు దూరమైతే ఏ పిల్ల తట్టుకుంటుంది? దిగులని ఆమె చెప్పదు. తలనొప్పంటుంది, అన్నం సయించడం లేదంటుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

మగపిల్లలకు బాధ లేదనుకుంటే పొరపాటు. అది కోపంగా, తాగుడుగా బయటికొస్తుంది. పైగా పనికోసం ఊరు విడిచిన కుర్రాడి మనసు ఎవరి లెక్కలోకీ రాదు. అయినా దేశంలో 2020లో ఆత్మహత్య చేసుకున్న 18 ఏళ్లలోపు వారిలో అబ్బాయిలు 5,392 మంది, అమ్మాయిలు 6,004 మంది. అన్ని వయసులూ కలిపితే మగవారే రెట్టింపుకు పైగా ఉండే దేశంలో ఈ తారుమారు మనల్ని నిద్రపోనివ్వకూడదు.

మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలకే పరిమితం. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, అంటే ఈ పిల్లల బాధ అందులోకి ఎక్కలేదు. కౌమార ఆరోగ్యానికి 2014 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. ఫోనులో మానసిక సాయానికి 2022 నుంచి టెలి మానస్ 14416 నంబరు ఉంది. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో ఉంటే ఆ పిల్ల ఎవరికి చేస్తుంది? సాయం బడిలోనే, ఆరో తరగతి నుంచే అందాలి. తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లల పేర్లు ఉపాధ్యాయులకు తెలుసు. శిక్షణ పొందిన మనిషి ముందుగా వాళ్లతో మాట్లాడాలి, వాళ్లు బడి మానకముందే.