లవం చెప్పారు, హారం ఏది?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల వీధుల్లో మన పిల్లలు కూడా పోటీ పరీక్షల పుస్తకాలతో కనిపిస్తున్నారు. మలేరియా పరాన్నజీవిని దోమలో కనుగొన్నదెవరని అడిగితే రొనాల్డ్ రాస్, సికింద్రాబాదు, 1897 ఆగస్టు 20 అని తడుముకోకుండా చెబుతారు. ఎలా కనుగొన్నాడంటే మాత్రం మౌనం. రెండేళ్లు వేరే రకాల దోమల్లో వెతికి విఫలమైన రాస్, చివరకు డింభకాల నుండి పెంచిన దోమల చేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. కాటుకు ఒక అణా చొప్పున చెల్లించాడు. దోమను తానే పెంచినందువల్ల, దానిలో కనబడిన పరాన్నజీవి ఆ రోగి రక్తం నుండే వచ్చి ఉండాలి. జీవశాస్త్రంలో నేర్వవలసినది తేదీ కాదు, ఈ జాగ్రత్త.

ఇది తెలియనందుకు మనం ఎంత మూల్యం చెల్లించామో 2020 చూపింది.

నారాయణగూడలోని ఐపీఎం మన నగరానికి కొత్త కాదు. కుక్క కరిస్తే పరుగెత్తేది అక్కడికే. ఆ ఏడు కరోనా నమూనాలు పరీక్షించిన ప్రయోగశాలల్లో అదీ ఒకటి. పరీక్షించే యంత్రానికి రోగి మతం తెలియదు. అయితే ఎవరి ముక్కు నుండి నమూనా తీయాలో నిర్ణయించేది యంత్రం కాదు.

ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసుల్లో 4,291, అనగా 29.8 శాతం, నిజాముద్దీన్ మర్కజ్‌తో ముడిపడినవని ప్రకటించింది. అంకెలు అబద్ధమని మేము అనము. మర్కజ్‌లో వ్యాధి సోకినదీ నిజమే. అక్కడికి వెళ్లివచ్చిన ఆరుగురు మరణించినట్లు మార్చి 30న తెలంగాణ ప్రభుత్వమే తెలిపింది. మా ప్రశ్న వేరు. మర్కజ్‌కు వెళ్లినవారిలో, వారిని కలిసినవారిలో ఎంతమందిని పరీక్షించారు? తక్కిన ప్రజల్లో ఎంతమందిని పరీక్షించారు? ఒక వర్గాన్ని ఇల్లిల్లూ వెదకి పరీక్షించి, ఇతరులను లక్షణాలు ముదిరాకనే పరీక్షిస్తే, ఆ వర్గం వాటా పెరగక ఏమవుతుంది? నారాయణగూడ చౌరస్తాలో మాత్రమే హెల్మెట్ తనిఖీ జరిపి, నగరంలో నియమం తప్పేవారంతా నారాయణగూడ వారేనన్నట్లు ఉంటుంది. ఆనాడే దేశంలోని కొందరు శాస్త్రవేత్తలు ఉమ్మడి ప్రకటనలో, నింద మోపడానికి ఈ గణాంకాలు ఆధారం కావని చెప్పారు. టీవీ చర్చల్లో ఆ మాట వినపడలేదు. అనేక రాష్ట్రాల్లో మన కూరగాయల బండ్లను వీధిలోకి రానీయలేదు.

న్యాయస్థానాలు తరువాత మాట్లాడాయి. విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులను 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టివేసింది. 70 మంది భారతీయులపై అభియోగాలను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో గాని రద్దు చేయలేదు. కూరగాయల బండికి ఐదేళ్లు ఆగే శక్తి ఉంటుందా?

ఇక మన సంగతి కూడా చెప్పుకోవాలి. కోలుకున్న తబ్లీగీ సోదరులు ప్లాస్మా దానం చేసినప్పుడు మేము గర్వించాము. ఆ దాతృత్వం ఘనమైనదే. కాని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులపై ఐసీఎంఆర్ జరిపిన ప్రయోగంలో ప్లాస్మా వల్ల వ్యాధి ముదరడం గాని, మరణాలు గాని తగ్గలేదని తేలింది. 2021 మేలో దానిని చికిత్సా మార్గదర్శకాల నుండి తొలగించారు. మనకు నచ్చిన వార్తకూ హారం అడగాలి కదా! సభల్లో ఇబ్నుల్ హైసమ్ పేరు ఘనంగా తలచుకునే మనం, ఆ పని మాత్రం మరచిపోతుంటాము.

కనుక మైనారిటీ గురుకులాల జీవశాస్త్ర తరగతిలో రాస్ తేదీతో పాటు ఆయన పెంచిన దోమల కథా చెప్పాలి. ఆ ఏప్రిల్ ప్రకటనను నల్లబల్లపై రాసి, ఏ అంకె లోపించిందో పిల్లల చేత అడిగించాలి. ఏ అంటువ్యాధి ప్రకటనలోనైనా ఒక సమూహం పేరు రాయక తప్పకపోతే, ఆ సమూహంలో ఎందరిని పరీక్షించారో, ఇతరుల్లో ఎందరిని పరీక్షించారో పక్కనే ప్రచురించాలని రాష్ట్ర ఆరోగ్య శాఖను మన సంఘాలు లిఖితపూర్వకంగా కోరాలి. ఈ విజ్ఞాపన ఇవ్వవలసినది తదుపరి వ్యాధి వచ్చాక కాదు, ఇప్పుడే.