ఆదుకునే చేతులు సరే.. ఆ తర్వాత?

నరసాపురం: పెంపుడు కుక్కను ఏదో వాహనం ఢీకొట్టి వెళ్లిపోతే వీధి మొత్తం కదులుతుంది. ఒకరు గోనెసంచి తెస్తారు. మరొకరు ఆటోను పిలుస్తారు. ఇంకొకరు జేబులోంచి వంద రూపాయలు తీసి యజమాని చేతిలో పెడతారు. ఆ సాయంత్రం సాయానికి కొదవ ఉండదు. అయితే కాలి ఎముక విరిగిన కుక్క కోలుకోవడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్ని రోజులూ కట్లు మార్చేదెవరు, మందుల ఖర్చు భరించేదెవరు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లేదెవరు అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతోంది.

మూగజీవాలను ఆదుకోవడం డెల్టా ప్రజలకు కొత్త కాదు. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదావరి పోటెత్తినప్పుడు లంక గ్రామాల్లో మనుషులతోపాటు పశువులనూ కాపాడుకోవాల్సి వచ్చింది. వరద వస్తోందంటే పాడిగేదెలను ఏటిగట్టు ఎక్కించడం, వాటికి గడ్డి చేరవేయడం ఇక్కడి ఆనవాయితీ. పాడిపశువు కుటుంబానికి జీవనాధారం. దానికి బీమా ఉంటుంది, ప్రభుత్వ పథకం ఉంటుంది. పెంపుడు కుక్కకో, పిల్లికో యజమాని మమకారం తప్ప వేరే ఆసరా లేదు. అందుకే ఇరుగుపొరుగు సాయం ఇక్కడ మరింత విలువైనది.

చట్టంలో కుక్కకు చోటేదీ?

నరసాపురం మీదుగా సాగే 216 నంబరు జాతీయ రహదారిపై చేపలు, రొయ్యల లారీలు రేయింబవళ్లు తిరుగుతుంటాయి. జంతువుకు ప్రమాదం జరిగినప్పుడు ఎస్సై లేదా అంతకు పైస్థాయి అధికారి కోరితే డ్రైవరు వాహనాన్ని నిలపాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 132వ సెక్షన్ చెబుతోంది. జంతువు అంటే ఏమిటో కూడా అదే సెక్షన్ వివరించింది. గుర్రం, పశువు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక ఆ జాబితాలో ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో కానరాని ఒంటెకు చోటు దక్కింది కానీ ఇంటింటా కనిపించే కుక్కకు దక్కలేదు. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు రవాణా చట్టం కుక్కను ఢీకొట్టినా డ్రైవరు ఆగాల్సిందేనంటోంది. అయితే పిల్లిని ఆ చట్టమూ విస్మరించింది.

కావాలని హింసిస్తే మాత్రం శిక్ష ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం దురుద్దేశంతో జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. జంతు హింస నివారణకే ప్రత్యేకించిన 1960 నాటి చట్టంలో తొలి నేరానికి జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే. ఖర్చుకు భయపడి గాయపడిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడమూ ఆ చట్టం దృష్టిలో నేరమే.

ప్రథమ చికిత్సలోనే ప్రాణం

రాష్ట్రంలో 2022 మే 19న సంచార పశువైద్య వాహనాలు 175 ప్రారంభమయ్యాయి. 2023 జనవరిలో రెండో విడతతో వాటి సంఖ్య 340కి చేరింది. వీటిని 1962 నంబరుతో అనుసంధానించారు. ఇవి ప్రధానంగా పశువులు, గొర్రెలు, మేకల వైద్యాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. ఎముక విరిగిన కుక్కకు ఎక్స్‌రే, మత్తుమందు, శస్త్రచికిత్స అవసరమైతే గన్నవరంలోని పశువైద్య కళాశాల వంటి చోటికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సిందే. రోజుకూలీతో బతికే కుటుంబానికి వైద్యం కన్నా ప్రయాణమే భారం.

వైద్యం అందేలోగా చుట్టుపక్కలవారు చేసే పని ప్రాణాన్ని నిలపగలదు, తీయనూగలదు. కాళ్లు పట్టి ఎత్తకుండా చెక్కపైనో, గట్టి దుప్పటిపైనో పడుకోబెట్టి తరలించాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. మనుషుల నొప్పి మాత్రలు వేయరాదు. పారాసెటమాల్ పిల్లి ప్రాణాలే తీస్తుంది. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరవవచ్చు. కరిస్తే పావుగంటసేపు సబ్బుతో, ధారగా పడే నీటితో గాయాన్ని కడిగి, వెంటనే ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి.

లెక్క ఉంటేనే నమ్మకం

చందాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎవరెంత ఇచ్చారు, ఆటోకెంత, మందులకెంత అన్నది పుస్తకంలో రాసి అందరికీ చూపితే రెండోసారి అడిగినా జనం ఇస్తారు. మిగిలిన సొమ్మును మరో జీవికి దాచవచ్చు. డబ్బు ఇవ్వలేనివారు వారానికోసారి కట్టు మార్పించే బాధ్యత తీసుకున్నా అది చిన్న సాయం కాదు.

ఇక ప్రభుత్వ బాధ్యత. ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘాన్ని నెలకొల్పాలని, దానికి చికిత్సాలయం, ఆశ్రయం ఉండాలని 2001లోనే కేంద్రం నియమాలు రూపొందించింది. 2022 ఏప్రిల్ 4న భీమవరం కేంద్రంగా పశ్చిమగోదావరి జిల్లా పునర్‌వ్యవస్థీకరణ జరిగింది. జిల్లా కేంద్రం దగ్గరైనందుకు ఫలితం మూగజీవాలకూ దక్కాలి. నియమం కాగితంపై ఉంటే చాలదు. రాత్రివేళ ఫోను ఎత్తే మనిషి, గన్నవరం వరకు తీసుకెళ్లే బండి ఉండాలి. మున్సిపాలిటీ, పశుసంవర్ధక శాఖ, స్వచ్ఛంద సేవకులు కలిసి కూర్చుంటే ఇది అసాధ్యమేమీ కాదు. వీధిలో పుట్టిన జాలికి ఒక చిరునామా ఏర్పడితేనే తొలి సాయంత్రం పోసిన ప్రాణం ఎనిమిదో వారం దాకా నిలుస్తుంది.