ఫర్వాలేదు సార్!

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. ఆ సామెతకు ఇంకొక ముక్క చేర్చవలసి వుందని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. నిద్ర ముంచుకొస్తున్నవాడు తనకు నిద్ర వస్తున్నట్టే ఎరగడు.

కిందటి మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లికి తిరుపతి వెళ్లాం. తలంబ్రాలయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. "తెల్లవారాక బయల్దేరుదామండీ, పాపం ఆ డ్రైవరబ్బాయి పొద్దుటినుంచీ చుట్టాల్ని స్టేషనుకూ విడిదికీ తిప్పుతూనే వున్నాడు" అంది మా ఆవిడ. ఒంగోలులో మర్నాడు పదింటికి నాకు వసుచరిత్ర క్లాసు. అందుకని వినలేదు. "ఏమోయ్, ఓపిక వుందా?" అని అతన్నే అడిగాను. "ఫర్వాలేదు సార్" అన్నాడు. ఉందనలేదు, లేదనలేదు. ఫర్వాలేదన్నాడు. ఇరవై యేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆ ఒక్క మాటకు అర్థం గ్రహించలేకపోయాను.

గూడూరు దాటాక కారు మెల్లగా, మర్యాదగా, రోడ్డు దిగడం మొదలుపెట్టింది. వెనకనుంచి మా ఆవిడ కేక పెట్టకపోతే కల్వర్టు గోడ పలకరించేది. బండి ఆగాక ఆ కుర్రాడు చేతులు వణుకుతుండగా, "నేను నిద్రపోలేదు సార్, ఒట్టు" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. అతనికి నిజంగానే తెలియదు.

అప్పటినుంచీ ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. అన్నిటికన్నా నాకు బుద్ధి చెప్పినవి చిన్న విమానాలు నడిపేవాళ్ల కథలు. పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లుంటారు; ఒకరు పొరబడితే రెండోవారు హెచ్చరిస్తారు. చిన్న విమానంలో చాలాసార్లు ఒక్కడే. కునుకు వస్తే పక్కకు తీసి ఆపుకోవడానికి ఆకాశంలో రోడ్డు మార్జిను లేదు.

చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు మీరు వినే వుంటారు. 1927 మే 20న న్యూయార్కు దగ్గర బయల్దేరి, ఒంటరిగా అట్లాంటిక్ సముద్రం దాటి, మర్నాటి రాత్రికి పారిస్‌లో దిగాడు. దాదాపు 3,600 మైళ్లు. 33 గంటల 30 నిమిషాలు. బయల్దేరే ముందురాత్రి అతనికి నిద్రే లేదు. దారిలో రెప్పలు వాలిపోతుంటే వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడట. చల్లగాలి మొహాన కొట్టేటట్టు చేసుకున్నాడు. అలలమీదికి దిగి మరీ ఎగిరాడు. వెనక ఎవరో ఆకారాలు చేరి తనతో మాట్లాడినట్టు అనిపించిందని 1953లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. చివరికి అతన్ని కాపాడిన వాటిలో ఆ విమానపు చెడ్డగుణం ఒకటి. చెయ్యి సడలితే చాలు, పక్కకు లాగేది. ఆ లాగుడుకు మెలకువ వచ్చేది. మాది మంచి కారు, నున్నని రోడ్డు. మమ్మల్ని లేపేందుకు కుదుపైనా లేదు!

అందరికీ ఆ అదృష్టం వుండదు. 1996 ఏప్రిల్‌లో అమెరికాలో ఏడేళ్ల జెస్సికా డబ్రాఫ్ దేశమంతా విమానంలో చుట్టిరావాలని బయల్దేరింది. పక్కన శిక్షకుడు, వెనక తండ్రి. విమానం నాలుగు సీట్ల సెస్నా. పేపర్లవాళ్లు, టెలివిజనువాళ్లు ఊరూరా ఎదురుచూస్తున్నారు. మొదటిరోజు పొద్దంతా ఎగిరి షయెన్ అనే ఊరు చేరారు. మర్నాడు ఉదయం, చక్రానికి అడ్డుపెట్టిన దిమ్మ తీయించకుండానే శిక్షకుడు ఇంజను స్టార్టు చేశాడు. అంత అనుభవజ్ఞుడు చేసే పొరపాటు కాదది. అలిసిన బుర్ర పంపే తొలి ఉత్తరాలు ఇలాంటివే. ఎవరూ విప్పి చదువుకోలేదు. గాలివాన ముంచుకొస్తుండగా, మోయవలసినదానికన్నా ఎక్కువ బరువుతో ఎగిరారు. కాసేపటికే కూలిపోయింది. ముగ్గురూ పోయారు. అలాంటి వాతావరణంలో ఎగరాలనుకోవడమే తప్పనీ, పత్రికలవాళ్లకు ఇచ్చిన మాటలతో బిగుసుకున్న ప్రయాణక్రమం వాళ్లను తొందరపెట్టిందనీ దర్యాప్తు సంఘం తేల్చింది. ఆ వాక్యం చదివినప్పుడు నా పదింటి క్లాసు గుర్తుకొచ్చి తల దించుకున్నాను.

1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి చూపించారు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలున్న మనిషి పనితీరుతో సమానమట. మనం తాగినవాడి చేతికి బండి ఇవ్వం. రాత్రంతా మేలుకున్నవాణ్ణి మాత్రం "ఎంత ఓపికమంతుడో!" అని మెచ్చుకుంటాం.

నిద్రకు ఒక తోబుట్టువు వుంది. అది పరధ్యానం, కళ్లు తెరుచుకుని పోయే నిద్ర. దానికి ఉదాహరణ వెతకడానికి మనం దూరదేశం పోనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుంచి చిత్తూరు వైపు వెళుతున్న హెలికాప్టరు నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు మరణించారు. ఆనాటి కబురు విన్న చోటు మనలో చాలామందికి ఇప్పటికీ గుర్తే. ప్రమాదానికి కారణం తీవ్రంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పడమని విచారణ సంఘం చెప్పింది. దానితోపాటు ఇంకో సంగతి కూడా రాసింది. ఆఖరి నిమిషాల్లో ఆరు నిమిషాలకు పైగా పైలట్ల ధ్యాస, ఆయిలు ప్రెజరుకు సంబంధించిన పద్ధతి ఏమిటా అని పుస్తకంలో వెతకడంలో వుండిపోయిందట. బయట మబ్బు, చేతిలో పుస్తకం. పని తెలిసిన ఇద్దరు మనుషులకే ఇలా జరిగిందంటే, వాళ్లను తప్పుపట్టడానికి కాదు, మనం భయపడడానికి చెబుతున్నాను.

అందుకే పైలట్లకు మొదటిరోజుల్లోనే ఒక వరస నేర్పుతారు: ముందు విమానం నడుపు, తరవాత దారి చూసుకో, ఆ తరవాతే మాట్లాడు. 10,000 అడుగుల కిందుగా ఎగిరేటప్పుడు కాక్‌పిట్‌లో అనవసరపు కబుర్లు కూడదని 1981లో అమెరికా నిబంధన పెట్టింది. అది ప్రయాణికుల విమానసంస్థలకు. సొంత విమానం నడుపుకునేవాడికి వద్దని చెప్పేందుకు పక్కన ఎవరూ లేరు. తన్ను తానే అడగాలి: ఒంట్లో బాగుందా, నిద్ర చాలిందా, మనసు కుదురుగా వుందా అని.

మరి మనం అడగవలసింది? ఓపిక వుందా అని అడక్కండి. జీతం ఇచ్చేవాడు అలా అడిగితే లేదని ఎవడంటాడు? "నిన్న ఎన్నింటికి పడుకున్నావు?" అని అడగండి. దానికి ఫర్వాలేదనే జవాబు కుదరదు.

ఆ రాత్రి టీ బడ్డీ దగ్గర కారు ఆపి, ఆ అబ్బాయిని వెనకసీట్లో పడుకోబెట్టి, మేమిద్దరం బల్లమీద తెల్లవార్లూ కూర్చున్నాం. మా ఆవిడ ఒక్కమాట అనలేదు. అదే నాకు పెద్ద శిక్ష. పదింటి క్లాసు జరగలేదు. నాలుగువందల ఏళ్లకు పైగా నిలిచివున్న కావ్యం, నాకోసం ఇంకొక్క రోజు ఆగలేకపోయిందా!