మడ్‌గార్డుకి సుత్తి దెబ్బలు ఎవరి సోకు కోసం?

గూడూరు నుంచి కోట వచ్చే రోడ్డు మీద టైర్లు బయటికి పొడుచుకొచ్చిన కార్లు ఎక్కువయ్యాయి. గుంటలో దిగితే చాలు, బర్రుమని చప్పుడు. లోపల పాటలు పెట్టుకున్నవాడికి అది వినపడదు, రోడ్డు పక్కన నిలబడ్డ మనకు వినపడుతుంది. టైరు మడ్‌గార్డుకి ఒరుసుకుని చీలుతున్న చప్పుడది.

వెడల్పు టైరు వేసుకోవడం తప్పని నేననను. కొలవకుండా వేసి, తర్వాత బండిని కొట్టి టైరుకి చోటు చేస్తున్నారే, నా కోపమంతా దాని మీద. పక్కనే విద్యానగర్‌లో 1979 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ నడుస్తోంది. అయినా టైరు మీద అంకెలు చదివే నాథుడు లేడు!

185/65 ఆర్15 టైరు ఎత్తు సుమారు 621 మి.మీ. దాని బదులు 205/65 వేస్తే 647 అవుతుంది, అంటే నాలుగు శాతం ఎక్కువ. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 83 మీద పోతుంటుంది. అదే 205/60 వేస్తే ఎత్తు 627 దగ్గరే ఆగుతుంది. మొదటి అంకె, అంటే వెడల్పు, పెరిగితే రెండో అంకె తగ్గాలి, లెక్కంతా ఇంతే. ఇది చెప్పకుండా ‘ఏం కాదు నా, సెట్టయిపోద్ది’ అని బిగించేవాడిని మెకానిక్ అనడానికి నాకు నోరు రాదు.

టైరు ఎక్కించే డిస్కు సంగతి ఇంకా ఘోరం. 5.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (డిస్కు మధ్యగీత నుంచి బిగించే ముఖానికి ఉన్న దూరం) 45 మి.మీ. ఉన్న డిస్కు తీసి 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35 ఉన్నది పెడితే అంచు బయటికి 29 మి.మీ., లోపలికి 9 మి.మీ. జరుగుతుంది. బయట మడ్‌గార్డు, లోపల షాక్ అబ్జార్బరు. షాపులో ఖాళీ బండిని కదలకుండా నిలబెట్టి చూస్తే ఏదీ తగలదు. ఆరుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం మూట పడి, స్టీరింగు పూర్తిగా తిప్పి గుంటలో దించితే అప్పుడు తెలుస్తుంది అసలు రంగు.

తగిలిందని మళ్ళీ షాపుకెళితే ఏం చేస్తారు? లోపలి ప్లాస్టిక్కు కోస్తారు. మడ్‌గార్డు అంచుని సుత్తితో లోపలికి మడుస్తారు. లోపల తగిలితే స్పేసరు పెట్టి చక్రాన్ని ఇంకాస్త బయటికి నెడతారు. అంచు మడిచినచోట పెయింటు చిట్లుతుంది. మనది సముద్రపు గాలి. ఉప్పుతేమ ఆ పగుళ్ళలో దూరి లోపల్నుంచి తినేస్తుంది. పైకి బుడగ కనిపించేసరికి రేకు పోయినట్టే. టైరు అమ్మినవాడు ఆ టింకరింగు బిల్లు కట్టడు.

‘గ్రిప్పు పెరుగుతుంది కదా’ అంటారు. పొడి రోడ్డు మీద కొంత పెరగొచ్చు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడేది ఈశాన్య రుతుపవనాల వాన. నిలిచిన నీటిని పక్కకు నెట్టడానికి వెడల్పు టైరుకి పని ఎక్కువ, అరిగితే సన్నటి టైరు కన్నా ముందే నీళ్ళ మీద తేలుతుంది. మైలేజీ తగ్గడం, స్టీరింగు బరువెక్కడం సరేసరి.

చట్టం కూడా ఊరుకోలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటోంది. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ ముక్క చెప్పి అమ్మే షాపు ఎక్కడుంది?

డ్రైవరు డోరు తీసి స్తంభం మీది స్టిక్కరు చదవండి. మీ మోడల్లోనే పై రకానికి కంపెనీ ఇచ్చిన సైజేమిటో కనుక్కోండి. అంతకు మించి వెడల్పు కావాలంటే ముందు ఒక్క చక్రమే బిగించి, బండి నిండా మనుషుల్ని ఎక్కించి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూపించమనండి. రాసుకుంటే డబ్బు వెనక్కిస్తావా అని డబ్బు కట్టకముందే అడగండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి.