రక్తపరీక్ష అంకె జాతకం కాదు

వైరస్ వల్ల న్యుమోనియా వచ్చినవారిలో చాలామంది కోలుకుంటారు. కొందరికి మాత్రం ఊపిరి అందని పరిస్థితి వస్తుంది. ఆ కొందరు ఎవరో ముందే తెలిస్తే ఎంత బాగుండును! వైద్యులు ఈ ప్రశ్నకు జవాబును రక్తంలో వెతుకుతున్నారు. అది మంచి ప్రయత్నమే. కాని ఆ జవాబును చదవడం మనం నేర్చుకోలేదని నా అభిప్రాయం.

ముందు రక్తంలో ఏమి చూస్తారో తెలుసుకుందాం. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల సీరంలో ఒక విచిత్రాన్ని గమనించారు. న్యుమోకాకస్ బాక్టీరియా నుంచి తీసిన 'సి' అనే పదార్థాన్ని ఆ సీరంలో కలిపితే అవక్షేపం ఏర్పడింది. దానికి కారణమైన ప్రోటీనుకు సి-రియాక్టివ్ ప్రోటీన్ అని పేరు వచ్చింది. పొట్టిగా సి.ఆర్.పి. అంటారు. దీన్ని తయారు చేసేది కాలేయం. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది సాధారణంగా లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. జబ్బు తీవ్రమైతే 100 కూడా దాటవచ్చు.

ఇలాంటి సూచికలు ఇంకా ఉన్నాయి. రక్తం గడ్డకట్టినప్పుడు ఫైబ్రిన్ పోగులు వలలా అల్లుకుంటాయని మీరు చదివారు కదా! ఆ వల కరిగేటప్పుడు విడిపోయే ముక్కలే డి-డైమర్. ఎల్.డి.హెచ్. అనే ఎంజైము కణాల లోపల ఉండవలసినది. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. 2020లో కోవిడ్ తీవ్రమైన రోగుల్లో ఈ మూడూ పెరగడం, లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు తగ్గడం వైద్యులు తరచుగా చూశారు.

అయితే సి.ఆర్.పి. పెరిగితే జబ్బు ముదురుతుందని తేల్చేయవచ్చా? తొందరపడకండి. కీళ్ళవాపులోనూ, శస్త్రచికిత్స తర్వాతా కూడా అది పెరుగుతుంది. అంతేకాదు, ఇందులో ఒక లెక్క కూడా ఉంది.

ఉదాహరణకు ఒక పరీక్ష ఉందనుకుందాం. జబ్బు ముదరబోయే 10 మందిలో 8 మందికి ఎక్కువ అంకె చూపుతుంది. ముదరని 10 మందిలో కూడా ముగ్గురికి ఎక్కువ అంకె చూపుతుంది. 100 మంది రోగుల్లో 10 మందికే జబ్బు ముదిరే ఊళ్ళో ఈ పరీక్ష చేద్దాం. ఆ 10 మందిలో 8 మందికి, మిగిలిన 90 మందిలో 27 మందికి అంకె ఎక్కువ వస్తుంది. మొత్తం 35 మంది భయపడతారు. వారిలో నిజంగా ముదిరేది 8 మందికే! అంకె తక్కువ వచ్చి నిశ్చింతగా ఉన్నవారిలో ఇద్దరికి ముదురుతుంది.

అదే పరీక్షను 100 మందిలో 50 మందికి ముదిరే ఆస్పత్రి వార్డులో చేస్తే? ఎక్కువ అంకె వచ్చే 55 మందిలో 40 మందికి ముదురుతుంది. చూశారా! పరీక్ష మారలేదు, అంకె మారలేదు, దాని అర్థం మారింది.

2021లో మనదేశంలో కోవిడ్ రెండవ విడత వచ్చినప్పుడు, తేలికపాటి జబ్బుకు ఈ రక్తపరీక్షలు అక్కర్లేదనీ, అవి భయాన్నే పెంచుతాయనీ ఢిల్లీ ఎయిమ్స్ అప్పటి డైరెక్టరు గులేరియా హెచ్చరించారు. పై లెక్క చేసినవారికి ఆ మాటలోని సబబు తెలుస్తుంది.

అలాగని పరీక్షలు దండగ అనకూడదు. బ్రిటనులో జరిగిన 'రికవరీ' ప్రయోగంలో, ప్రాణవాయువు తగ్గి, సి.ఆర్.పి. 75 లేదా అంతకు మించిన రోగులకు టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చి చూశారు. మరణాలు కొంత తగ్గాయని 2021లో తేలింది. ఇక్కడ అంకె ఒంటరిగా లేదు, రోగి ఊపిరితో కలిసి ఉంది. 2020లో అక్కడే 57,000 మందికి పైగా రోగుల వివరాలతో తయారైన '4సి' పట్టికలో మొత్తం 21 మార్కులు. ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ ప్రమాదం. వయస్సుకు 7 మార్కుల వరకు ఉన్నాయి. సి.ఆర్.పి.కి 2 మాత్రమే! శ్వాస వేగం, ప్రాణవాయువు, స్పృహ కూడా అందులో ఉన్నాయి.

కాబట్టి విద్యార్థులారా, ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం వస్తే ముందు గడియారం చేత పట్టండి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. 24 లేదా అంతకన్న ఎక్కువైతే జబ్బు మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ మనదేశపు 2021 కోవిడ్ సూచనలు చెప్పాయి. శ్వాస వేగం హెచ్చినా, ఆయాసం వచ్చినా రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. అంకె తక్కువ వచ్చిందని ఆయాసాన్ని అశ్రద్ధ చేయడం, ఎక్కువ వచ్చిందని సొంతంగా స్టెరాయిడ్లు మింగడం రెండూ ప్రమాదమే.

మన బడుల్లో సంభావ్యత గణితం పీరియడులోనూ, రక్తం జీవశాస్త్రం పీరియడులోనూ ఉంటాయి. ఈ రెండు పాఠాలనూ ఒకేచోట కలిపి చెప్పాలని నేను కోరుతున్నాను. పరీక్ష చేయించే ముందు, "ఈ అంకె తెలిస్తే చికిత్సలో ఏమి మారుతుంది?" అని డాక్టరుగారిని వినయంగా అడగగల పౌరులు అప్పుడే తయారవుతారు.