గ్రంథాలయ సెస్సు ఎవరి సొమ్ము?

ఇంటిపన్ను రసీదును చదువు అలవాటు మన పౌరులకు లేదు. మొత్తమెంతో చూతురు, నిట్టూర్తురు, చెల్లింతురు, రసీదును గూటిలో పడవైతురు. మేము వకీలువృత్తిలోని వారము. అచ్చుకాగితము కంటబడినచో తుదిపంక్తి వరకు చదువు దురభ్యాసము మాకు కలదు. ఆ రసీదులో ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు అను బాపతు ఒకటి కలిసియుండును. పఠనమందిరమున కూర్చుండి ఈ పత్రికను చదువుచున్నవారు దానిని ముఖ్యముగా గమనింపవలెను. ఏలయన, వారు కూర్చున్న కుర్చీయు, వారి తలపై తిరుగవలసిన పంకాయు ఆ బాపతులోనుండి రావలసినవే.

ఇంటిపన్నులో రూపాయి ఒక్కింటికి 8 పైసలు ఈ సెస్సు. ఏడాదికి 5,000 రూపాయల పన్ను కట్టు గృహస్థు 400 రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడన్నమాట. కోటి రూపాయల పన్ను వసూలగు పట్టణము 8 లక్షలిచ్చుచున్నది. ఇది ఏ అధికారి బుర్రలోనో పుట్టిన పన్ను కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైన పెద్దలు ఊరూర తిరిగి నాటిన విత్తనమునకు ఫలమిది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువలో పడవపై పుస్తకములు ప్రయాణము చేసినవి. చందాలతో ఎల్లకాలము నడువదు, శాశ్వతమైన ఆదాయము కావలెనని కోరగా కోరగా 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1955లో హైదరాబాదు రాష్ట్రమునను గ్రంథాలయ శాసనములు వచ్చినవి. 1960లో ఆ రెండింటిని కలిపి ఆంధ్రప్రదేశ్ శాసనము చేసిరి. రాష్ట్రము రెండైన పిదప సెస్సు రెండుచోట్లను నిలిచియున్నది.

ఈ సొమ్ము పురపాలక సంఘముది కాదు, పంచాయితీది కాదు. వారు వసూలుచేయు గుమాస్తాలు మాత్రమే. వసూలైన దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. సంస్థ దానితో పుస్తకములు కొనవలెను, పత్రికలు తెప్పింపవలెను, భవనములు బాగుచేయింపవలెను. కాని వసూలుచేసిన సెస్సును సంవత్సరములతరబడి చెల్లింపక సంఘములు బాకీపడుటయు, సంస్థలు జాబులమీద జాబులు వ్రాయుటయు ఉభయ తెలుగు రాష్ట్రములందును పలుమారులు వార్తలకెక్కిన సంగతియే. గృహస్థు ఒకనెల ఆలస్యము చేసినచో వడ్డీ వేయు కార్యాలయము, తాను ఏండ్లు ఆలస్యము చేసిన సొమ్మునకు వడ్డీమాట అటుండ, అసలు మాటయే ఎత్తదు.

ఫలితము కంటికెదుటనే యున్నది. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూడుడు. ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులతో ఆ ఆవరణ కిటకిటలాడుచుండును. పలువురు పుస్తకములు తమవి తామే తెచ్చుకొందురు. గ్రంథాలయము వారికిచ్చునది నీడయు, చోటును. ఆ చోటును చాలక చుట్టుపట్ల వీధులలో నెలకింతయని అద్దె పుచ్చుకొను ప్రైవేటు చదువుగదులు వెలసినవి. తండ్రి ఊరిలో గ్రంథాలయ సెస్సు కట్టును. కుమారుడు నగరములో కుర్చీకి అద్దె కట్టును. ఒక్క వస్తువునకు రెండు వెలలు! కుళాయిపన్ను కట్టి నీళ్ల డబ్బా కొనుక్కొనుచున్న మనకు ఇది క్రొత్తగా తోచకపోవుటయే విచారకరము.

“సంఘమునకు ఆదాయము చాలదు, పారిశుద్ధ్య పనివారికి జీతములియ్యవద్దా? ఆ సొమ్మును ప్రజలకే గదా వాడితిమి” అని కొందరు కౌన్సిలరుల సమాధానము. వినుట కింపుగనే యున్నది. కక్షిదారు కోర్టు ఫీజునకై ఇచ్చిన పైకమును వకీలు తన ఇంటి అద్దెకు వాడుకొని, “ఆ ఇంటిలో కూర్చుండియే గదా నీ దావా చూచుచున్నాను” అనినచో కక్షిదారు ఊరకుండునా? ఆ వకీలు సన్నదు నిలుచునా? ఒక పేరు చెప్పి పుచ్చుకొన్న సొమ్ము ఆ పేరునకే చెందును. పారిశుద్ధ్యమునకు పన్ను చాలనిచో, చాలదని సభలో చెప్పి, కావలసినంత అడుగు ధైర్యము పాలకులకుండవలెను.

చిన్నసంఘములను మాత్రమే దూషించుట న్యాయము కాదు. ఈ విద్యకు ఢిల్లీలో గురుపీఠమున్నది. కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు 2018-19 కేంద్ర ప్రభుత్వపు లెక్కలు తనిఖీచేసి బయటపెట్టినదేమి? ఆ ఒక్క సంవత్సరములో 35 విధములైన సెస్సులు, తత్సమానమైన వసూళ్లు కలిపి 2,74,592 కోట్ల రూపాయలు రాగా, వానికై ఏర్పడిన నిధులకు చేరినది 1,64,322 కోట్లు. తక్కినది సంచితనిధిలోనే నిలిచిపోయినది. ముడిచమురుపై సెస్సు పేరట దశాబ్దములో వసూలైన 1,24,399 కోట్ల రూపాయలు చమురు పరిశ్రమాభివృద్ధి మండలికి బదిలీయే కాలేదని ఆ నివేదికయే తెలిపినది. మాధ్యమిక, ఉన్నత విద్యల పేరట నూటికి ఒకవంతు సెస్సును 2007లో మొదలుపెట్టిరి. ఆ సొమ్మును దాచు ప్రత్యేకనిధికి మంత్రివర్గపు ఆమోదము లభించినది 2017 ఆగస్టులో! పదియేండ్లు బిడ్డపేరు చెప్పి వసూలుచేసి, పదకొండవ యేట ఊయల చేయింతమని తీర్మానించిరి.

సెస్సునందు ఇంత మక్కువ ఏల? కారణము రాజ్యాంగములోనే యున్నది. 2000 నాటి 80వ సవరణకు పిమ్మట కేంద్రపు పన్నులన్నియు రాష్ట్రములతో పంచుకొనవలసినవే. నిర్దిష్ట ప్రయోజనములకై వేయు సెస్సులును, సర్‌చార్జీలును మాత్రము 270వ అధికరణము మినహాయించినది. పెట్రోలునే తీసికొనుడు. 2022 మే తగ్గింపు తరువాత లీటరుపై కేంద్ర సుంకము 19 రూపాయల 90 పైసలుగ నుండెను. అందు రాష్ట్రములతో పంచుకొనదగిన మూలసుంకము 1 రూపాయి 40 పైసలు మాత్రమే యుండెను! తక్కిన దంతయు సెస్సు, సర్‌చార్జి. ఇందుకు రాష్ట్రములు కన్నీరు కార్చును. కార్చుచునే తామును అదే దారి పట్టును. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రోడ్ల అభివృద్ధికని లీటరుకొక రూపాయి సెస్సు వేసినది. మరుసటి సంవత్సరము ఆ రాష్ట్రపు రోడ్ల గుంతలే రాజకీయపక్షముల ఆందోళనకు వస్తువైనవి.

న్యాయశాస్త్రము ఈ విషయమున మూగ కాదు. 1954లో శిరూరు మఠపు వ్యాజ్యములో సుప్రీముకోర్టు పన్నునకును రుసుమునకును గల భేదమును విప్పిచెప్పినది. పన్ను కట్టినవాడు “నాకేమిచ్చెదవు?” అని అడుగుటకు వీలులేదు, రుసుము కట్టినవాడు అడుగవచ్చును, ఏలయన అది ఒక సేవకు ప్రతిఫలము. ఆ భేదమునకు 2025లో కేరళయందు చక్కని ప్రయోగము జరిగినది. త్రిశ్శూరు జిల్లా పాలియెక్కర వద్ద రోడ్డు పాడై బండ్లు గంటలకొలది నిలిచిపోవుచుండగా, టోలు వసూలును ఆ రాష్ట్రపు హైకోర్టు ఆగస్టులో నిలిపివేసినది. రహదారి సంస్థ అప్పీలుచేయగా సుప్రీముకోర్టు ఆ నెలలోనే త్రోసిపుచ్చినది. రెండునెలల పిదప గాని వసూలు తిరిగి మొదలుకాలేదు. సెస్సు రుసుము కాదు, పన్నుజాతిలోనిదే యని ప్రభుత్వపక్షపు వకీలు వాదించును, ఒప్పుకొందము. కాని ప్రయోజనము పేరు చెప్పి వేసిన పన్నునకు ఆ ప్రయోజనము నెరవేరెనా యని అడుగు హక్కు ఏ కోర్టు తీర్పునకును ఎదురుచూడ నక్కరలేదు.

పన్నులు మానుకొండని మేము చెప్పుటలేదు. ఆ మార్గమెంత కఠినమో చీరాల-పేరాల వారికి తెలిసినట్లు వేరొకరికి తెలియదు. 1919లో ఆ గ్రామములను పురపాలక సంఘముగ మార్చి, మోయలేని పన్నులు తలకెత్తగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో వేలాది జనము ఇండ్లు విడిచి రామనగరను పేర పాకలు వేసికొని పదకొండు నెలలకు పైబడి ఎండకు ఎండి వానకు తడిసిరి. గోపాలకృష్ణయ్యగారు జైలుకేగిరి. నాడు లెక్క చెప్పుమనుటకు ప్రజలకు చట్టము లేదు, తమ మాట వినవలసిన ప్రభుత్వమును లేదు. నేడు మనము ఇల్లు విడువనక్కరలేదు. వీధి దాటి పురపాలక కార్యాలయమువరకు పోయిన చాలును. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము తెల్లకాగితముపై దరఖాస్తు వ్రాసి, 10 రూపాయల రుసుము చెల్లించినచో ముప్పదిదినములలో ప్రత్యుత్తరమియ్యవలెను. అంతమాత్రపు శ్రమకు ఓర్వని మనము రామనగరు కథను పండుగలనాడు ఉపన్యాసములలో చెప్పుకొనుట ఏమి శోభ?

కావున ప్రతి పఠనమందిరపు పాఠకులును కూడి ఈ నెలలోనే తమ పురపాలక సంఘమునకు దరఖాస్తు పెట్టవలెనని కోరుచున్నాము. అడుగవలసినవి మూడే ప్రశ్నలు: గడచిన ఐదు సంవత్సరములలో గ్రంథాలయ సెస్సు క్రింద ఏయేట ఎంత వసూలైనది? జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత చెల్లించితిరి? తక్కినది ఏ ఖాతాలో నున్నది? గ్రంథాలయ సంస్థకును జోడుగా ఒక దరఖాస్తు పెట్టి, ముట్టినదెంతయో, దానితో కొన్న పుస్తకములెన్నియో అడుగవలెను. రెండు ప్రత్యుత్తరములు సరిపోలకున్నచో వానిని మాకు పంపుడు. పట్టణము పేరుతో, అంకెలతో, సంబంధించిన అధికారి హోదాతో ఈ పుటయందే ప్రకటింతుము.